నాలుగు గళ్లు, ఒక కోత

పురపాలక సంఘం పార్కుల విభాగంలో ఆయన్ని అందరూ దొర్లుడు బాబాయి అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బస్సు డిపో వెనకున్న కరకట్ట మీద గడ్డి కోస్తూ, యంత్రంతో సహా వాలు మీంచి దొర్లి కింద పడ్డాడు. యంత్రానికి ఏమీ కాలేదు. ఆయనకి ఎడమ భుజం విరిగింది. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు ముందు యంత్రాన్నే తిప్పి చూశారని ఆయన ఇప్పటికీ చెబుతాడు. నవ్వుతూనే చెబుతాడు, కానీ ప్రతిసారీ చెబుతాడు.

భుజం అతుక్కుంది గాని కాస్త కిందకే ఉండిపోయింది. ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని పాత బట్టలు సరిచేసి ఇస్తుంది. బిగుతైనవి వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది. భర్త చొక్కాలకి ఎడమ భుజం దగ్గర గుడ్డ ఒక పొర ఎక్కువ వేసి కుడుతుంది. దాంతో దూరం నుంచి చూస్తే రెండు భుజాలూ సమంగానే ఉంటాయి. మనిషిని ఎలాగూ సరిచెయ్యలేకపోయాను, చొక్కానైనా సరిచెయ్యనివ్వండి అంటుంది.

ఆ ఏడు ఆయనకి యాభై తొమ్మిది దాటింది. మార్చి నెలాఖరుకి, ఆఫీసు ఏడాది ముగిసేసరికి రిటైరవ్వాలి.

విభాగం కింద ఊళ్లో మొత్తం ఇరవై ఆరు గడ్డి స్థలాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో నంబరు. డిపో వెనక కరకట్టది పదిహేడు. స్థలానికి ఒక రిజిస్టరు, ఏడాదికి ఒక పేజీ, పేజీకి నాలుగు గళ్లు. మూడు నెలలకొకసారి గడ్డి కోసి, ఆ గడిలో తేదీ వేసి సంతకం పెట్టాలి. దాని కింద సూపర్‌వైజరు పెడతాడు. పదిహేడో నంబరు రిజిస్టరులో ఇరవై రెండేళ్లుగా ఒక్క గడి ఖాళీ లేదు. ఒక్క తేదీ దిద్దుబాటు లేదు. కొత్తగా చేరినవాళ్లకి రిజిస్టరు ఎలా రాయాలో చూపించాలంటే సూపర్‌వైజరు దాన్నే తీసి చూపించేవాడు.

నిజానికి ఆ వాలు మీద ఏడాదికి కోత ఒక్కటే.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి కట్ట ఎక్కిన రోజు, ఆయన యంత్రాన్ని పైనే ఆపి, వాలు మీదికి రెండడుగులు దిగి, మడమతో నేలని గట్టిగా నొక్కాడు. మడమ దిగింది. గుంటలో సన్నగా తడి ఊరింది. ఆయన వెనక్కి ఎక్కేశాడు. అప్పటి సూపర్‌వైజరుకి వెళ్లి చెబితే, గడి ఖాళీగా ఉంటే పైనుంచి ప్రశ్న వస్తుంది, నిండిన గడిని ఎవరూ ప్రశ్న అడగరు అన్నాడు. చెయ్యమని అనలేదు, చెయ్యొద్దనీ అనలేదు. ఆయన గడి నింపాడు. తర్వాతి మూడు నెలలకి మళ్లీ నొక్కి చూశాడు. మళ్లీ నింపాడు. ఏడాదిలో ఒకే ఒక్క కాలంలో, ఎండలు ముదిరి గడ్డి గోధుమరంగుకి తిరిగాక, మడమ నొక్కినా గుర్తు పడనప్పుడు మాత్రం యంత్రం దింపి మొత్తం కోసేవాడు.

పనిదొంగ కాదు. కట్ట పైనున్న కాలిబాటనీ, కింద కాలువ అంచునీ మూడు నెలలకొకసారి శుభ్రంగా కోసేవాడు. రోడ్డు మీంచి చూసినవాళ్లకి అదే కనబడేది. గడ్డం గీసుకుని మీసం వదిలేసిన మనిషిలా, పైనా కిందా నున్నగా, నడుమ మాత్రం దాని ఇష్టం. ఆ నడుముని డిపో గోడ కప్పేసేది. గేటు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

ఇంకో తప్పు కూడా ఉంది. కోసిన గడ్డిని అక్కడే వదిలెయ్యాలని నిబంధన. ఏడాది పెరిగిన గడ్డిని వాలు మీద వదిలితే కాలు పెట్టడానికుండదు. భార్య తమ్ముడికి ఊరి చివర ఆరు ఆవులున్నాయి. కోసిన మర్నాడు బావమరిది ట్రాలీ ఆటో తెచ్చి, ఇద్దరూ కలిసి గడ్డి చివరి పోచ దాకా ఊడ్చి తీసుకుపోయేవాళ్లు. బావమరిది ఏటా ఒకే మాట అనేవాడు, ఈ గడ్డికి వాసన వేరు బావా, మా ఆవులు ఎగబడతాయి అని.

ఇలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

ఆ ఏడు ఊరికి ప్రకృతి పునరుద్ధరణ ప్రణాళిక ఒకటి వేస్తున్నారని ఆఫీసులో చెప్పారు. ఊళ్లో ఎక్కడెక్కడ పచ్చదనం మిగిలిందో చూసి, పోయినచోట ఎలా తిరిగి తేవాలో, ఒక ముక్కని ఇంకో ముక్కతో ఎలా కలపాలో పటం మీద గీసి, రాబోయే పదేళ్ల పనిని పంచుతారట. దానికోసం ఒక అమ్మాయిని సర్వేయరుగా వేశారు. ఇరవై ఆరు స్థలాలకీ ఆవిడ నడిచే వెళ్లింది.

పదిహేడో నంబరు గేటు తీసి ఇచ్చి, బాబాయి యంత్రానికి నూనె పోసుకుందామని షెడ్డుకి వెళ్లాడు. గంట తర్వాత వచ్చి చూస్తే ఆ అమ్మాయి వాలు మీద బోర్లా పడి ఉంది. కదల్లేదు. ఆయనకి తన భుజం గుర్తొచ్చింది. గడ్డి పట్టుకుని ఒక్కో అడుగూ దిగాడు.

“అమ్మా, లేవగలవా?”

“లేస్తే లెక్క పోతుంది బాబాయ్. ముప్పై ఎనిమిది దగ్గరున్నా.”

ప్లాస్టిక్ పైపులతో చేసిన చదరం ఒకటి నేల మీద పరిచి ఉంది, అటూ ఇటూ ఒక్కో మీటరు. దానిలోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో ఆవిడ లెక్కపెడుతోంది. ఆయన పక్కన కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ వాలు మీద ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. పూలు మోకాళ్ల ఎత్తున ఉన్నాయి. గోరంత నీలం పూలు, దూదిలా పసుపువి, గడ్డి అనుకుని రోజూ చూసే దాంట్లోంచే ఊదారంగు కంకులు. వాటి మీద తేనెటీగలు, అగ్గిపుల్ల తలంత సీతాకోకచిలుకలు. ఏదో చిన్న పిట్ట గడ్డి మొదట్లోంచి లేచి, తోక ఆడిస్తూ రెండు గజాల అవతల వాలింది. నేల మీదే గూడుంటుందని, అటు వెళ్లొద్దని ఆ అమ్మాయి చెప్పింది. ఆ గూళ్లు ఆయనకి తెలుసు. కోతకి ముందు ఖాళీవి ఏరి పక్కన పెట్టడం అలవాటు.

లెక్క నలభై మూడు దగ్గర ఆగింది. వంతెన అవతలుంది పదహారో నంబరు, ఇలాంటి కట్టే, ఇలాంటి మట్టే. దాన్ని కాంట్రాక్టు మనుషులు కోస్తారు. అక్కడ చదరంలో దొరికినవి పదకొండు. ఆ అమ్మాయి రిజిస్టరు తెరిచి చూసింది. ఆఖరి కోత పది వారాల కిందటని ఉంది.

“పది వారాల్లో ఇంత ఎదిగిందా బాబాయ్?”

“మంచి నేలమ్మా” అన్నాడాయన.

నోటితో చెప్పిన అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ రాసినవి. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఈ తేడా గురించి ఆయన కాసేపు ఆలోచించాడు. రాసినప్పుడు ఎవరూ మొహంలోకి చూడరు.

రెండు నెలలకి ప్రణాళిక ముసాయిదా వచ్చింది. ఆఫీసు వసారాలో గోడ పొడవునా పటం అంటించారు. పక్కన బల్ల మీద ముద్రించిన పుస్తకం, దారంతో కట్టిన పెన్ను, అభ్యంతరాలు వెయ్యడానికి పెట్టె. నెల గడువు. పటం మీద ఇరవై అయిదు స్థలాలు లేత రంగుల్లో ఉన్నాయి. పదిహేడో నంబరు ఒక్కటే ముదురాకుపచ్చ. ఊళ్లో మిగిలిన అసలు గడ్డినేల ఇదేనని, ఇక్కడి విత్తనాలు ఏరి ఇంకో అయిదు కట్టల మీద చల్లుతామని కింద రాశారు. జనం వచ్చి ఆయన వీపు తట్టారు. ఒకరు ఫొటో కూడా తీశారు. ఫొటోలో భుజాలు సమంగా వచ్చాయి.

ఆయన పుస్తకం తిరగేసి తన పేజీ వెతుక్కున్నాడు. నాలుగు వాక్యాలున్నాయి. ప్రస్తుతం జరుగుతున్న పద్ధతినే మార్పు లేకుండా కొనసాగించాలి. ఏడాదికి నాలుగు కోతలు, తేదీ తప్పకూడదు. ఇరవై రెండేళ్ల రిజిస్టరు ఇందుకు ఆధారం. ప్రస్తుత ఉద్యోగి రిటైరయ్యాక, తడి వాలు మీద కూడా జారని రిమోట్ యంత్రమున్న కాంట్రాక్టరుకి పని అప్పగించాలి.

ఆయన మళ్లీ చదివాడు. పుస్తకం మూసి, పెన్ను దాని మీద జాగ్రత్తగా పెట్టి, సూపర్‌వైజరు గదిలోకి వెళ్లాడు.

సూపర్‌వైజరూ ఆయనా ఒకే ఏడు చేరారు. ఒకరు డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి కుర్చీలోకి వెళ్లారు, ఇంకొకరు యంత్రం మీదే ఉండిపోయారు. గదిలో ఎవరూ లేకపోతే ఇద్దరూ ఏరా అంటే ఏరా. ఆయన తలుపు దగ్గరగా వేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. సూపర్‌వైజరు చాలాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. పద్నాలుగేళ్లుగా ఆ గళ్ల కింద రెండో సంతకం తనది. ఒక్కసారి కూడా వాలు దిగి చూడలేదు.

“ఎవరికి నష్టం జరిగిందిరా?” అన్నాడు చివరికి. “నువ్వు కొయ్యలేదు, పూలు పూశాయి. అందరూ బావుందంటున్నారు. అయిదు నెలలు నోరు మూసుకో, దండ వేసి పంపిస్తారు.”

“ఇకమీద కోస్తార్రా. నేను రాసినట్టే కోస్తారు.”

“కోస్తే కొయ్యనీ. నువ్వు దొర్లావు సరే, నన్ను కూడా దొర్లించకు.”

ఆయన ఇంటికి వచ్చేసరికి భార్య ఎవరిదో కోటు నడుము విప్పుతోంది. కుట్టు ఊడదీసిన దారాలు ఒడినిండా ఉన్నాయి. అన్నీ విన్నాక ఆవిడ అడిగింది ఒక్కటే. నాలుగుసార్లు కోస్తే ఏమవుతుంది? ఆయన చెప్పాడు. మొదటి కోత సరిగ్గా పూత మీద పడుతుంది. తంటాలు పడి మళ్లీ పూసినవాటి మీద రెండోది పడుతుంది. గూళ్లు యంత్రం కిందకి పోతాయి. గింజ కట్టడానికి దేనికీ వ్యవధి ఉండదు. మూడేళ్లు గడిస్తే అదీ పదహారో నంబరే. ఇక అయిదు కట్టలకి విత్తనం ఎక్కణ్ణుంచి తెస్తారు?

“ఆ పిల్ల అంతసేపు బోర్లా పడుకుని లెక్కపెట్టింది కదండీ” అంది ఆవిడ.

“నిజం చెబితే విచారణంటారు. పెన్షను కాగితాలు ఆపేస్తారు. దండ సంగతి సరే, వాడికీ మాటొస్తుంది.”

ఆవిడ కోటు మిషను మీద పెట్టింది. “ఇరవై రెండేళ్లు అబద్ధం రాసినప్పుడు వణకని చెయ్యి, నిజం రాయడానికి వణుకుతోందా? మిషను నాది నడుస్తోందిగా. కాగితాలు వచ్చినప్పుడు వస్తాయి.” ఒళ్లో దారాలు దులుపుకుంటూ, “మా తమ్ముడి మాట మాత్రం ఎత్తకండి. అసలే పిరికి సన్నాసి” అంది.

అభ్యంతరాల కాగితంలో నాలుగు వరసలున్నాయి. పేరు, చిరునామా, అభ్యంతరం, ఆధారం. మూడోదాంట్లో ఆయన, పదిహేడో నంబరులో ఏటా నాలుగు కోతలని రాసింది తప్పు, ఒక్క కోతే, బాగా ఎండాక, అని రాశాడు. నాలుగోదాని దగ్గర కాస్త ఆగాడు. ఆధారం అంటే ఏదో పుస్తకమో ఫొటోనో జతపరచాలి కాబోలు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒకటే. “కోసింది నేనే” అని రాసి సంతకం పెట్టాడు. గళ్లలో పెట్టిన సంతకమే.

అభ్యంతరాలు వేసినవాళ్లందర్నీ ఒక ఉదయం సమావేశం గదికి పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు, గరగరమనే ఫ్యాను, ముందువరసలో అధికారులు, చివర్లో సూపర్‌వైజరు. మొదట ఒకాయన తమ వీధి చివర పొదలు పెంచితే పాములొస్తాయన్నాడు. ఇంకొకావిడ తమ వీధికి ఒక్క ఆకుపచ్చ చుక్క కూడా పెట్టలేదేమని నిలదీసింది. మూడో వంతు బాబాయిది. కాగితం చూసి చదివాడు. కాగితం మడిచి, ముందువరసలోని సర్వేయరమ్మాయి వైపు తిరిగాడు.

“రిజిస్టరు చూసి రాశారమ్మా మీరు. మీ తప్పు లేదు. నేను రాసిందే తప్పు. పైవాళ్లు నన్ను నమ్మి సంతకం పెట్టారు, వాళ్లకీ తెలీదు. వాలు తడిగా ఉంటే నాకు భయం. అందుకని కొయ్యలేదు. ఇన్ని పూలకోసమని చెప్పుకోను, నాకు తెలీనే తెలీదు. భయపడి కొయ్యలేదు, అంతే.”

ముందువరసలో ఒక అధికారి ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. సర్వేయరమ్మాయి మాత్రం లేచి నిలబడింది. ఆవిడ మొహంలో కోపం ఉందో లేదో ఆయనకి అర్థం కాలేదు.

“కోసిన గడ్డి ఏం చేసేవాళ్లు?”

ఇది కాగితంలో లేదు. రాయనూ లేదు, చెప్పాలనీ అనుకోలేదు. భార్య మాట గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఆయన మొహంలోకే చూస్తోంది.

“తీసేసేవాళ్లమమ్మా.”

“మొత్తమా? ఎక్కడికి?”

“మొత్తం. పోచ కూడా మిగల్చకుండా.” ఆయన మడిచిన కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. “మా బావమరిది ఆవులకి.”

గది గొల్లుమంది. సూపర్‌వైజరు కళ్లు మూసుకున్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, గబగబా రాసుకుంది. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. కోసిన గడ్డి అక్కడే కుళ్లితే నేలకి బలం ఎక్కువవుతుంది. బలమైన నేలలో మోటు గడ్డి ఒక్కటే ఎగబాకి, చిన్న మొక్కలన్నింటినీ తొక్కేస్తుంది. పదహారో నంబరులో జరిగింది అదే. మట్టి ఒకటే, ఎండ ఒకటే, మరి తేడా ఎక్కడుందోనని రెండు నెలలు వెతికాను, ఇప్పుడు దొరికింది అంది. ఆ మాట విన్నాక ఆయన కూర్చున్నాడు.

పదిరోజులకి ఇద్దరికీ మెమోలు వచ్చాయి. విచారణ తేలేదాకా బాబాయి రిటైర్మెంటు కాగితాలు కదలవన్నారు. సూపర్‌వైజరు మాట్లాడటం మానేశాడు. హాజరుపట్టీ తోస్తాడు, ఈయన సంతకం పెట్టి వెనక్కి తోస్తాడు. రోజూ అలాగే నడిచింది. బావమరిది మాత్రం ఆదివారం పూట వచ్చి గుమ్మంలోనే నిలబడి, “బావా, మా ఆవుల్ని కూడా సస్పెండు చేస్తారా?” అన్నాడు. అక్క లోపల్నుంచి, ముందు నువ్వు లోపలికొచ్చి కూర్చో, ఆవులకున్నంత ధైర్యం కూడా లేదు నీకు అంది.

సర్వేయరమ్మాయి పేజీ మళ్లీ రాయడానికి ఆయన దగ్గరకే వచ్చింది. ఒక కోత, గడ్డి ఊడ్చి తీసెయ్యాలి, గూళ్లు ఖాళీ అయ్యాయో లేదో చూడాలి. ఇంతవరకూ బాగానే రాసింది. ఏ తేదీకి అని అడిగింది. తేదీ లేదన్నాడు. కాంట్రాక్టుకి తేదీ లేకపోతే కుదరదంది. ఆయన ఆవిణ్ణి వాలు మీదికి తీసుకెళ్లి, బూటు మడమతో నొక్కమన్నాడు. గుర్తు పడింది. ఇది పోవాలి, ఇది పోయాకే అన్నాడు. ఆవిడ ఆ గుర్తుని చాలాసేపు చూసింది. చివరికి సవరించిన పేజీలో, మడమతో గట్టిగా నొక్కినా నేల మీద గుర్తు పడనప్పుడు అని అచ్చయింది. పైఅధికారులు దాన్ని కొట్టేస్తారని అందరూ అనుకున్నారు. ఎందుకో కొట్టెయ్యలేదు.

విచారణ రిటైర్మెంటుకి పన్నెండు రోజుల ముందు తేలింది. ఆయన సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక వాక్యం రాశారు. సూపర్‌వైజరుకి మందలింపుతో సరిపెట్టారు. కాగితాలు కదిలాయి గాని ఆలస్యంగా వస్తాయట. వీడ్కోలు సభ మాట ఎవరూ ఎత్తలేదు. భార్య ఆ మధ్యాహ్నమే ఆయన పాత చొక్కా ఒకటి ముందేసుకుని, ఇక పన్నెండు రోజులేగా ఆఫీసు, ఈ భుజం పొర తీసెయ్యనా అని అడిగింది. ఆయన తీసెయ్యమన్నాడు.

మర్నాడు కాంట్రాక్టరు మనిషి రిమోట్ యంత్రాన్ని ట్రాలీ మీద తెచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మెళ్లో రిమోట్ వేలాడుతోంది. ఎండలు ముదిరాయి, గడ్డి గోధుమరంగుకి తిరిగింది. కానీ నాలుగు రోజుల కిందట అకాలంగా ఒక వాన పడింది. పని అప్పగించడానికి సూపర్‌వైజరు కూడా రావాలి. వచ్చాడు. ఆఫీసు బూట్లతో, రిజిస్టరు చంకలో పెట్టుకుని, గేటు దగ్గర ఆగిపోయాడు.

“ఎటు దిగాలి?” అన్నాడు, ఎవర్నీ చూడకుండా. మెమోలు వచ్చాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

బాబాయి చెయ్యి అందించాడు. సూపర్‌వైజరు ఒక క్షణం చూసి పట్టుకున్నాడు. పక్కకి తిరిగి, ఒక్కో అడుగూ వేస్తూ నడిమిదాకా దిగారు. ఎండిన కాయలు ప్యాంటుకి తగిలి గలగలమన్నాయి. సూపర్‌వైజరు చుట్టూ చూశాడు.

“ఇరవై నాలుగేళ్లలో మొదటి మెమో. ఈ గడ్డి వల్ల” అన్నాడు.

“విత్తనాలు చూడు, ప్యాంటు నిండా పట్టాయి. వంతెన అవతలి కట్ట మీదికి వెళ్లి దులుపుకో, పనికొస్తాయి.”

సూపర్‌వైజరు పెదవి చివర కొంచెం కదిలింది. కాంట్రాక్టరు మనిషి, ఇక మొదలుపెట్టమంటారా, మళ్లీ మధ్యాహ్నం ఇంకోచోటికి పోవాలి అన్నాడు. ప్రణాళికలో ఏం రాశారో చదివావా అని సూపర్‌వైజరే అతన్ని అడిగాడు. అడిగి, తన బూటు మడమ నేలకి ఆనించి బరువంతా వేశాడు. కాలు తీశాడు. ముగ్గురూ వంగి చూశారు. లోతుగా లేదు. కానీ అర్ధచంద్రంలా అంచు తెలుస్తోంది.

“ఏమంటావు?” అన్నాడు సూపర్‌వైజరు.

“నేనెందుకు, అతన్ని చెప్పనీ. వచ్చే ఏడు నేనుండను.”

కాంట్రాక్టరు మనిషి మోకాలి మీద కూర్చుని ఆ అంచుని వేలితో తడిమాడు. తర్వాత లేచి కొంచెం అవతలగా తన మడమతో కూడా నొక్కి చూసుకున్నాడు.

“ఇంకో వారం పోనిద్దామండి” అన్నాడు. పైకెక్కి యంత్రాన్ని మళ్లీ ట్రాలీ మీద బిగించడం మొదలుపెట్టాడు.

సూపర్‌వైజరు అక్కడే నిలబడి రిజిస్టరు తెరిచాడు. ఆ ఏటి పేజీలో నాలుగు గళ్లున్నాయి. అభ్యంతరం వేసిన రోజునుంచీ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడ రాయాలిరా అన్నాడు. చివరి గడిలో రాయమన్నాడు బాబాయి. అర్ధచంద్రపు గుర్తు పక్కనే ఇద్దరూ కూర్చున్నారు. తేదీ వేసి, సూపర్‌వైజరు తన చేత్తోనే రాశాడు.

నేల తడిగా ఉంది. కొయ్యలేదు.

ముందు తను సంతకం పెట్టి పెన్ను ఇటు అందించాడు. బాబాయి దాని కింద పెట్టాడు.